మైలుతుత్తం: తోటకు మందు, ఇంట్లో మాత్రం జాగ్రత్త

పురుగుమందు డబ్బాను అటక మీదో, తాళం వేసిన పెట్టెలోనో దాచే రైతు కూడా మైలుతుత్తం పొట్లాన్ని గోడగూట్లో పెడుతుంటాడు. పక్కనే ఉప్పు డబ్బా ఉంటుంది, కింద పిల్లల పలకా బలపమూ ఉంటాయి. 'అదేం పెద్ద మందా, తాతల నాటి నుంచీ వాడుతున్నదే కదా' అని మనకొక ధీమా. ఘాటైన వాసన లేదు. పుర్రె బొమ్మ లేదు. చాలాచోట్ల పచారీ అంగట్లోనే కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఇన్ని కారణాల వల్ల దాన్ని మందుగా కాక వంటింటి సరుకుగా చూస్తుంటాం. చిక్కు అక్కడే వస్తోంది.

మైలుతుత్తం ఘోరమైన విషమని భయపడి మానెయ్యాల్సిన పని లేదు. నిమ్మలో గజ్జి తెగులుకు, బంక తెగులుకు, కొబ్బరిలో మొవ్వుకుళ్ళుకు, ద్రాక్షలో బూజు తెగులుకు, వరిలో పాచికి తక్కువ ఖర్చుతో పనికొచ్చే మందు ఇది. అయితే ఒంటి మీద పడితే మంట పుట్టిస్తుంది, కంట్లో పడితే చూపుకే చేటు తెస్తుంది, కడుపులోకి పోతే ప్రాణం మీదికి తెస్తుంది. దీన్ని కొన్న దగ్గర నుంచి ఖాళీ సంచి పారేసేదాకా తీసుకోవలసిన జాగ్రత్తల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు. అవేమిటో చూద్దాం.

మైలుతుత్తం అంటే ఏమిటి?

రాగి, గంధకం, ప్రాణవాయువు కలిసిన లవణం ఇది. అంగట్లో దీన్నే కాపర్ సల్ఫేట్ అంటారు. నెమలి మెడ రంగులో ఉంటుంది కనుక సంస్కృతంలో మయూర తుత్థం అన్నారు. తమిళంలో మయిల్ అంటే నెమలే. మన మైలుతుత్తం అనే మాట కూడా ఆ వరుసలోదే. మంచి మైలుతుత్తంలో నూటికి 24 నుంచి 25 వంతులు రాగి ఉంటుంది. మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది. పలుకులు చేతికి పొడిగా తగిలినా ఆ నీరు పలుకు లోపలే ఇమిడి ఉంటుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నిల్వ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

నీళ్ళలో వేస్తే తేలిగ్గా కరిగి నీలిరంగు ద్రావణం అవుతుంది. ఇది కొంచెం ఆమ్ల గుణం కలది. రాగి ఇలా నీళ్ళలో కరిగి ఉన్నంతసేపూ తగిలిన చోటల్లా చురుకు చూపిస్తుంది. ఉత్త మైలుతుత్తం నీళ్ళు చల్లితే లేత ఆకు మాడిపోయేది అందుకే. సున్నం కలిపినప్పుడు రాగి కరగని రూపంలోకి మారి సన్నటి నురగలా తేలుతుంది. అది ఆకు మీద అంటుకుని ఉండి, కొద్దికొద్దిగా పని చేస్తుంది, ఆకును మాడ్చదు. బోర్డో మిశ్రమం వెనక ఉన్న కిటుకు ఇదే. ఆకును కాల్చే గుణమే మన కంటినీ, చర్మాన్నీ, పేగులనూ బాధిస్తుందని తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఈ మిశ్రమానికి ఆ పేరు ఫ్రాన్సు దేశంలోని బోర్డో నుంచి వచ్చింది. అక్కడి రైతులు దారి పక్కన ఉన్న ద్రాక్ష తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. ఆ నీలిరంగు చూసి విషమనుకుని దారిన పోయేవాళ్ళు పండ్లు కోయరని వాళ్ళ ఉపాయం. అలా పూసిన తీగలకు బూజు తెగులు రాకపోవడం 1882లో మిలార్డే అనే ఆచార్యుడి కంటపడింది. ఆయన పరీక్షలు చేసి 1885లో దాన్ని లోకానికి చెప్పాడు. అక్కడ జనాన్ని భయపెట్టిన నీలిరంగే మన ఇళ్ళలో పసిపిల్లల్ని దగ్గరికి పిలుస్తోంది. మెరిసే నీలి పలుకులు చూసి కలకండ అనుకుని నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళది. తప్పు పిల్లలది కాదు, అందేచోట పెట్టిన పెద్దలది.

ఒంటికి ఏం చేస్తుంది?

చర్మం: పొడి చేతులతో ఒకసారి ముట్టుకుంటే పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. చెమట పట్టిన చేతులకు, గీరుకున్న చోట, వేళ్ళ సందుల్లో పడితే మంట, దురద, ఎర్రదనం వస్తాయి. రోజుల తరబడి వట్టి చేతులతో పని చేసేవారికి చర్మం పగిలి దద్దుర్లు రావచ్చు.

కన్ను: అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పొడి గానీ నీలి నీళ్ళ చుక్క గానీ పడితే విపరీతమైన మంట పుడుతుంది. వెంటనే కడగకపోతే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని చూపు మందగించే ప్రమాదముంది.

ముక్కు, ఊపిరితిత్తులు: పలుకులను దంచేటప్పుడు లేచే ధూళి ముక్కుకు, గొంతుకు చురుకు తగిలించి తుమ్ములు, దగ్గు తెస్తుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఇంతకు మించిన ముప్పు కూడా ఉంది. పోర్చుగల్ దేశంలో ద్రాక్ష తోటల్లో ఏళ్ళపాటు బోర్డో మిశ్రమం చల్లిన పనివాళ్ళ ఊపిరితిత్తుల్లో రాగి పేరుకుని జబ్బు చేసినట్టు 1969లో వైద్యులు గుర్తించారు. దానికి ద్రాక్ష తోట పిచికారీదారుల ఊపిరితిత్తి జబ్బు అని పేరే పెట్టారు. ఒక్క రోజు చల్లితే ఆ జబ్బు రాదు. కానీ ఊరందరి తోటలకూ కూలికి మందు కొట్టే మనిషికి, ఏటా ఇదే పనిగా ఉన్నవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

కడుపు: నోట్లోకి పోతే రాగి రుచి తగులుతుంది. కడుపులో మంట, నీలి ఆకుపచ్చ రంగులో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కువ మోతాదైతే రక్తం, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చిన్నపిల్లలకు కొద్దిపాటి పలుకులే ప్రమాదం. 'పూర్వం వాంతి చేయించడానికి వైద్యులే మైలుతుత్తం ఇచ్చేవాళ్ళంటారే' అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. నిజమే, ఇచ్చేవాళ్ళు. ప్రమాదమని తేలాక వైద్యులే దాన్ని మానేశారు.

కొనేటప్పుడు

అవసరమైనంతే కొనండి. వంద నిమ్మ చెట్లకు ఎంత కావాలో లెక్క వేసుకుని, ఆ ఏటికి సరిపడా తెచ్చుకుంటే చాలు. చవగ్గా వచ్చిందని అయిదు కిలోలు తెచ్చి రెండేళ్ళు ఇంట్లో ఉంచితే ఆ రెండేళ్ళూ ప్రమాదాన్ని ఇంట్లో ఉంచుకున్నట్టే.

వీలైనంత వరకు పేరు, తయారీ తేదీ, బరువు ముద్రించిన ప్యాకెట్టే కొని బిల్లు తీసుకోండి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద తెగుళ్ళ మందుగా అమ్మే ప్యాకెట్ల మీద విషం తీవ్రత తెలిపే త్రికోణం, ప్రథమ చికిత్స వివరాలు ఉండాలి. ఎరుపు తీవ్రమైన విషానికి గుర్తు. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతూ వస్తాయి. విడిగా కట్టిన పొట్లం మీద ఇవేవీ ఉండవు. రేపు ఆస్పత్రిలో డాక్టరు 'ఏం మందు?' అని అడిగితే చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

రంగు చూసి కొనండి. మంచి సరుకు స్వచ్ఛమైన నీలిరంగులో మెరుస్తుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్నా, అక్కడక్కడ తుప్పు మరకలు కనిపించినా అన్నభేది కలిసి ఉండవచ్చు. అలాంటి సరుకు కొనకండి.

ఇంటికి తెచ్చేటప్పుడు కూరగాయలు, బియ్యం ఉన్న సంచిలో వెయ్యకండి. ఎరువుల సంచితో పాటు విడిగా తెచ్చుకోండి.

దేంట్లో నిల్వ చెయ్యాలి?

ఇనుప డబ్బా, రేకు డబ్బా, అల్యూమినియం గిన్నె, జింకు పూత వేసిన బక్కెట్టు పనికిరావు. తేమ తగిలిందంటే మైలుతుత్తం వీటిని తినేస్తుంది. ఇనుము కరిగి మందులో కలుస్తుంది, మందులోని రాగి ఇనుముకు ఎర్రగా అంటుకుంటుంది. డబ్బాకు చిల్లి పడుతుంది, మందులో బలం పోతుంది. రెండు విధాలా నష్టమే.

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా అన్నిటికంటే మేలు. గాజు సీసా, పింగాణీ జాడీ కూడా పనికొస్తాయి కానీ జారి పగిలితే పొడి చిందుతుంది. కొన్న ప్యాకెట్టును విప్పి పొయ్యకుండా, దాని మూతి మడిచి కట్టి, ప్యాకెట్టుతో సహా డబ్బాలో పెట్టండి. అప్పుడు ముద్రించిన వివరాలు కూడా పోకుండా ఉంటాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. తినే వస్తువులు వచ్చిన డబ్బాలో మైలుతుత్తం పొయ్యరాదు. పాలపొడి డబ్బా, ఊరగాయ సీసా, బిస్కెట్ల డబ్బా ఏదైనా సరే, ఆ డబ్బా కనిపిస్తే చెయ్యి పెట్టడం పిల్లలకు అలవాటు. కరిగించిన నీలి నీళ్ళను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచడం ఇంకా ప్రమాదం. పిల్లలే కాదు, ఎండన పడి వచ్చిన పెద్దవాళ్ళు కూడా చీకట్లో చూడకుండా ఎత్తి తాగేస్తారు.

డబ్బా మీద తెల్ల కాగితం అంటించి 'మైలుతుత్తం - విషం' అని పెద్ద అక్షరాలతో రాయించండి. చదువు రాని వాళ్ళు కూడా ఇంట్లో ఉంటారు కనుక ఎర్ర రంగుతో అడ్డంగా గుణకారం గుర్తు వెయ్యండి. ఆ గుర్తు అర్థమేమిటో ఇంట్లో అందరికీ చెప్పండి. కొన్న నెల, సంవత్సరం కూడా రాసుకుంటే మంచిది.

ఎక్కడ పెట్టాలి?

చిన్న రైతు ఇంట్లో మందులకు వేరే గది ఉండదు. ఒకే గదిలో విత్తనాలు, బియ్యం, బట్టలు, మనుషులు. అలాంటి ఇంట్లో కూడా చెయ్యగలిగిన ఏర్పాటు ఒకటుంది. వంటింటికి, పడుకునే చోటుకు దూరంగా, వసారా గోడకు పెద్దవాళ్ళ తల ఎత్తు కంటే పైన ఒక చెక్క పెట్టె బిగించి తాళం వెయ్యండి. మందులన్నీ అందులోనే ఉండాలి, మందులు తప్ప ఇంకేమీ ఉండరాదు. తాళంచెవి ఇంటి పెద్ద దగ్గర ఉండాలి. కొత్త పెట్టె కొనలేకపోతే పాత ట్రంకుపెట్టె చాలు. అయితే అది ఇనుముది కనుక మందు మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో మూత పెట్టి ఉండాలి.

పశువుల కొట్టంలో పెట్టరాదు. దాణా బస్తా పక్కన, ఉప్పు, బెల్లం పక్కన పెట్టరాదు. వాన జల్లు కొట్టేచోట, నేల మీద పెట్టరాదు. రేకుల షెడ్డులో పైకప్పుకు ఆనుకుని కూడా పెట్టకండి, అక్కడ ఎండాకాలంలో వేడి విపరీతం.

సున్నం డబ్బాను వేరుగా ఉంచండి. ముఖ్యంగా నీళ్ళు పోయని గుల్ల సున్నానికి తేమ తగిలితే ఉడుకెత్తి, ఉబ్బి, సంచిని చింపుకుని బయటికి వస్తుంది. సున్నం కంట్లో పడితే మైలుతుత్తం కంటే కూడా ఎక్కువ హాని చేస్తుంది. దాన్ని తక్కువగా చూడకండి.

తెల్లబడితే, గడ్డ కడితే?

ఎండాకాలం దాటాక డబ్బా తీసి చూస్తే కొన్నిసార్లు నీలి పలుకుల పైన తెల్లటి పొడి కనిపిస్తుంది. పాడైపోయిందని పారేసేవాళ్ళున్నారు. అది పాడు కాలేదు. పలుకులో ఇమిడి ఉన్న నీరు వేడికి ఆవిరైపోయింది, అంతే. నీళ్ళలో వేస్తే మళ్ళీ నీలంగా మారుతుంది.

ఇక్కడ తూకం దగ్గర ఒక మెలిక ఉంది. నీరు పోయిన మందు తేలికవుతుంది కానీ అందులో రాగి మాత్రం తగ్గదు. పూర్తిగా తెల్లబడిన మందు 640 గ్రాములుంటే అది కిలో నీలి మందుతో సమానం. తెల్లబడినదాన్ని కూడా కిలోకు కిలో తూచి కలిపితే మోతాదు ఒకటిన్నర రెట్లు అవుతుంది. సున్నం చాలక ఆకు మాడుతుంది. వానాకాలంలో చెమ్మ పట్టి గడ్డ కట్టిన మందు ఇందుకు విరుద్ధం. అందులో అదనపు నీరు తూగుతుంది కనుక మోతాదు తగ్గుతుంది. మూత గట్టిగా పెట్టమనేది ఇందుకే. ఇంట్లో భద్రతకూ, తోటలో ఫలితానికీ ఒకే మూత.

తెల్లబడిన మైలుతుత్తంతో ఇంకో ప్రమాదం ఉంది. జింకు సల్ఫేటు కూడా తెల్లగానే ఉంటుంది, పటిక పొడి కూడా అంతే. చూపుకు తేడా తెలియదు. అనుమానం వస్తే నోట్లో వేసుకుని రుచి చూడకండి. గాజు గ్లాసులో కాసిని నీళ్ళు తీసుకుని చిటికెడు వెయ్యండి. నీళ్ళు నీలంగా మారితే మైలుతుత్తం. ఆ గ్లాసును మళ్ళీ తాగడానికి వాడకండి.

గడ్డ కట్టిన మందును రోట్లో వేసి దంచకండి. రేపు అదే రోట్లో పచ్చడి నూరుతారు. దంచితే ధూళి కూడా లేస్తుంది. గడ్డలను పలచటి గుడ్డలో మూటకట్టి, నీళ్ళున్న ప్లాస్టిక్ బక్కెట్లో కర్రకు వేలాడదీసి రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారేసరికి దానంతటదే కరిగిపోతుంది. బక్కెట్టు పైన మాత్రం తప్పనిసరిగా మూత పెట్టి బరువుంచాలి, పశువులు మూతి పెట్టకుండా.

కలిపేటప్పుడు

ఒక శాతం బోర్డో మిశ్రమానికి 100 లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో మంచి సున్నం కావాలి. పది లీటర్లకైతే 100 గ్రాములు, 100 గ్రాములు. సగం నీళ్ళలో మైలుతుత్తం, మిగతా సగం నీళ్ళలో సున్నం విడివిడిగా కలపాలి. సున్నపు నీళ్ళు చల్లారాక గోనెగుడ్డలో వడపోసి, అందులోకి మైలుతుత్తం నీళ్ళు నెమ్మదిగా పోస్తూ కర్రతో కలియబెట్టాలి. సున్నాన్ని మైలుతుత్తంలో పోస్తే మిశ్రమం ముద్దలు కట్టి, అడుగుకు దిగి, పంపు నాజిలుకు అడ్డం పడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము, మట్టి తొట్టి, చెక్క పీపా వాడాలి.

కలిపాక మెరిసే ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తియ్యండి. కత్తి మీద ఎర్రటి పూత కనిపిస్తే ఇంకా కరిగి ఉన్న రాగి మిగిలిందన్న మాట. మరికొంచెం సున్నపు నీళ్ళు కలిపి మళ్ళీ చూడండి. పూత పడనప్పుడే చల్లడానికి సిద్ధమైనట్టు. ఈ పరీక్ష ఆకును కాపాడడమే కాదు, పంపు పట్టే మనిషి చర్మాన్ని కూడా కాపాడుతుంది. పాత సున్నంలో బలం తక్కువ కనుక పరీక్ష చెయ్యకుండా చల్లరాదు.

తూచేటప్పుడు, కలిపేటప్పుడే ధూళి, తుంపర ఎక్కువ. ఆ పావుగంట ఈ నాలుగూ పాటించండి.

1. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. లేకపోతే చిల్లుల్లేని పాలితీన్ సంచులు తొడిగి మణికట్టు దగ్గర కట్టుకోండి.

2. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. మోటారుసైకిలు మీద పెట్టుకునే సాదా అద్దాలైనా వట్టి కళ్ళకంటే నయం.

3. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోండి. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రతి ఇంటికీ అలవాటైనదే. లేకపోతే రెండు మడతల తువ్వాలు కట్టుకోండి.

4. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. పక్కన ఒక బిందె నిండా మంచినీళ్ళు సిద్ధంగా పెట్టుకోండి. కంట్లో పడినప్పుడు బోరు దగ్గరికి పరుగెత్తే వ్యవధి ఉండదు.

వంటింటి సోల, మానిక, గ్లాసు, గరిటె వాడకండి. ఒక ప్లాస్టిక్ చిప్ప, ఒక బక్కెట్టు మందు పనికే కేటాయించి వాటి మీద కూడా ఎర్ర గుర్తు వెయ్యండి. కడిగాం కదా అని ఆ బక్కెట్టులో పశువులకు కుడితి పొయ్యకండి. పని మధ్యలో బీడీ, తమలపాకు, మంచినీళ్ళు వద్దు. తాగాలనిపిస్తే సబ్బుతో చేతులు కడుక్కుని ఆ తర్వాతే. పిల్లలను, గర్భిణీలను, పాలిచ్చే తల్లులను ఈ పనిలో పెట్టకండి.

చల్లేటప్పుడు గాలికి ఎదురు నడవకండి. నిమ్మ చెట్టు కింద నిలబడి పైకి కొడితే తుంపర మొహం మీదే పడుతుంది. కొంచెం దూరంగా, పక్క నుంచి కొట్టండి. పని అయ్యాక పంపును రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే లోపలి ఇనుప భాగాలు తుప్పు పడతాయి. ఒళ్ళంతా సబ్బుతో కడుక్కుని, ఆ బట్టలను ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి.

గొర్రెలు, చేపలు

మన జిల్లాలో ఈ రెండింటి మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. నెల్లూరు జాతి గొర్రె దేశమంతటా పేరు పొందినది. కానీ మన పశువులన్నిటిలో రాగిని తట్టుకోలేనిది గొర్రే. అది తిన్న రాగి కాలేయంలో పేరుకుంటూ పోతుంది. కొన్నాళ్ళు ఏ లక్షణమూ కనిపించదు. ఒకరోజు హఠాత్తుగా మేత మాని, కళ్ళు పచ్చబడి, మూత్రం ఎర్రగా మారి చనిపోతుంది. అందువల్ల పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ తోటలున్న రైతులు మందు కొట్టిన తోటలోకి మందను తోలనివ్వరాదు. వానలు పడి ఆకులు కడిగి, కొత్త గడ్డి మొలిచాకే మేపుకోనివ్వాలి. మందు కొట్టిన రోజునే ఆ సంగతి కాపరికి చెప్పండి. గిట్టల కుళ్ళుకు మైలుతుత్తం నీళ్ళలో గొర్రెల కాళ్ళు ముంచేవాళ్ళు, ముందుగా మందకు కడుపునిండా మంచినీళ్ళు పట్టాలి. దాహంతో ఉన్న గొర్రె ఆ నీలి నీళ్ళే తాగుతుంది. పని కాగానే గుంటను పూడ్చెయ్యాలి.

చేపలకు, రొయ్యలకు కరిగిన రాగి చాలా తక్కువ మోతాదులోనే విషం. డ్రమ్ము కడిగిన నీళ్ళు కాలవలోకి వదిలితే ఆ కాలవ కింద ఎవరి చెరువుందో మనకు తెలియదు. వరిలో పాచికి మైలుతుత్తం మూట కట్టినప్పుడు కూడా ఆ నీరు మురుగు కాలవలోకి దిగకుండా మడవ కట్టుకోవాలి. సిఫారసు చేసిన మోతాదు మించరాదు. పక్క పొలం వాళ్ళకు చేపల గుంట ఉంటే ముందుగా వాళ్ళతో మాట్లాడి ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. ఒక పూట పొరపాటు ఇరుగుపొరుగు మధ్య ఏళ్ళ తరబడి తగువుగా మిగులుతుంది.

మిగిలిన మందు

బోర్డో మిశ్రమాన్ని కలిపిన రోజే వాడెయ్యాలి, మర్నాటికి దాని గుణం తగ్గిపోతుంది. అందుకని తోటకు ఎంత పడుతుందో చూసుకుని కొంచెం కొంచెంగా కలుపుకోండి. కాస్త మిగిలితే చెట్ల మొదళ్ళకు పూసెయ్యండి. బావిలో, కాలవలో, చెరువులో పొయ్యకండి. ఒకేచోట గుంటలో కూడా పొయ్యకండి. రాగి మట్టిలో కుళ్ళి పోయేది కాదు, ఏళ్ళ తరబడి అక్కడే ఉండి వానపాములకు, వేళ్ళకు చేటు చేస్తుంది. వంద లీటర్ల మిశ్రమంలో దాదాపు పావుకిలో రాగి ఉంటుంది. ఐరోపా దేశాలు 2019 నుంచి ఏడేళ్ళకు హెక్టారుకు 28 కిలోలకు మించి రాగి చల్లరాదని హద్దు పెట్టాయంటే ఇందుకే. అవసరమైనప్పుడే, అవసరమైనంతే వాడాలన్నది మన నేలకూ మంచిదే.

నేల మీద పొడి చిందితే చీపురుతో ఊడ్చకండి, ధూళి లేస్తుంది. తడిగుడ్డతో అద్ది తీసి, ఆ గుడ్డ పిండిన నీళ్ళను సున్నపు నీళ్ళలో కలిపెయ్యండి. ఖాళీ సంచులు కాల్చకండి, ఇంటి అవసరాలకు వాడకండి. చింపి, నీటి వసతులకు దూరంగా లోతుగా పూడ్చిపెట్టండి.

ప్రమాదం జరిగితే

కంట్లో పడితే: నలపకండి. తల పక్కకు వంచి, మందు పడిన కన్ను కిందికి ఉండేలా పెట్టి, రెప్పలు విప్పి పట్టుకుని, శుభ్రమైన నీళ్ళు ధారగా కనీసం 15 నిమిషాలు పొయ్యండి. సున్నం పడినా ఇదే పద్ధతి. ఆముదం, చనుబాలు, పసరు వెయ్యకండి. మంట తగ్గినా సరే, ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.

చర్మం మీద పడితే: తడిసిన బట్టలు విప్పేసి, నీళ్ళతో, సబ్బుతో బాగా కడగండి.

ధూళి పీలిస్తే: మనిషిని బయటి గాలిలోకి తీసుకువచ్చి కూర్చోబెట్టండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మింగితే: నోరు పుక్కిలించి ఉమ్మించండి. ఉప్పునీళ్ళు, కుంకుడు రసం, చింతపండు పులుసు తాగించి వాంతి చేయించకండి. పేగులు ఇంకా దెబ్బతింటాయి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే 108కి ఫోను చేసి, మందు ప్యాకెట్టు చేత పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. వాంతులు కట్టాయి కదా అని ఇంటికి తెచ్చేసుకోకండి. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు. కళ్ళు పచ్చబడడం, మూత్రం నల్లగా రావడం, మూత్రం తగ్గడం దాని గుర్తులు. డాక్టరు పొమ్మనేదాకా అక్కడే ఉండాలి.

ఈ వారం చెయ్యాల్సిన పని

ఈ పేజీ చదవడం అయ్యాక ఒకసారి లేచి మీ ఇంట్లో మైలుతుత్తం ఎక్కడుందో వెతకండి. గూట్లో ఉంటే తియ్యండి. కాగితం పొట్లంలో ఉంటే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. మూత బిగించి, పేరు రాసి, ఎర్ర గుర్తు వేసి, పిల్లలకు అందని చోట తాళంలో పెట్టండి. ఇదంతా అరగంట పని. మోతాదు, పంట విషయంలో అనుమానాలుంటే మీ మండల వ్యవసాయాధికారిని గానీ ఉద్యాన అధికారిని గానీ కలవండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఫోను చేసినా తెలుగులోనే సలహా చెబుతారు, ఖర్చు ఉండదు.